బాగుపడ్డ ఊరు

బండరేవు పంచాయతీ ఆఫీసు గోడకు బంతిపూల దండ వేసి తగిలించిన ఇంగ్లీషు పత్రాన్ని రెండు రోజులు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఊరి దవాఖానను నడిపే లండన్ సంస్థ పెద్ద దొరసాని మెచ్చి పంపిన బహుమానం అనుకున్నారు. ఊరి పెద్ద భీమయ్య లడ్డూలు పంచాడు. మూడో రోజు, పద్నాలుగేళ్లుగా ఆ ఊరి దవాఖానలో నర్సుగా ఉన్న రెబెకా స్టూలెక్కి, అద్దం మీది దుమ్ము తుడుస్తూ అడుగున ఉన్న చిన్నక్షరాలు చదివింది. ఈ గ్రామం ఇక ఎవరి సాయమూ అక్కర్లేని స్థితికి చేరింది, ఇక్కడ మా పని పూర్తయింది, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి దవాఖాన ఉండదు అని వాటి అర్థం. పోయిన వారం ఆమెను ఆ స్టూలు మీదనే వదిలాం.

దిగి, ఆ మాటలు తెలుగులో చెప్పింది.

"మళ్ల సదువు," అన్నాడు భీమయ్య.

చదివింది.

"ఇంకొక్కసారి."

మూడోసారి చదివేసరికి ఆయన పత్రానికున్న దండ తీసి చేతికి చుట్టుకున్నాడు. దాన్ని ఏం చేయాలో తోచక కాసేపు అట్లాగే నిలబడ్డాడు. చివరికి బయట కట్టేసి ఉన్న మేక ముందు వేశాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ధరూర్ దాటి గద్వాల దాకా షేర్ ఆటో, గద్వాలలో వనపర్తి బస్సు. దొరసాని ఇంకా వనపర్తిలోనే, సంస్థ అద్దెకు తీసుకున్న ఇంట్లో ఉందనీ, మధ్యాహ్నం అచ్చంపేట వైపు పోతుందనీ ఫోన్లో తెలిసింది. భీమయ్య డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్లు మంచివి కావు, రావద్దంది రెబెకా.

"చేసినోన్ని నేను. నువ్వొక్కదానివి పోయి ఏం జెప్తవు బిడ్డా? ఆమె ముంగట నేను ఒప్పుకోవాలె," అన్నాడు.

ఆయన చేసింది ఊరంతా కలిసి చేసిందే. ఈ నేల మీద ఇంటికి మనిషి వస్తే లేమి కనబడనివ్వరు. పక్కింట్లో చక్కెర అడిగి తెచ్చైనా చాయ్ పోస్తారు. తెచ్చిన సంగతి వచ్చినవాడికి తెలిస్తే తల కొట్టేసినట్టు అవుతుంది. సంస్థకు పెద్ద అయిన జూడిత్ వెల్‌బ్రూక్ అనే దొరసాని ఇంగ్లండు నుంచి బండరేవుకు వస్తున్నదని కబురు రాగానే భీమయ్య ఊరిని కూర్చోబెట్టి ఒకటే మాట అడిగాడు: "మన దవాఖాన జూసి ఆమె మొఖం తిప్పుకుంటే ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

దవాఖానలో మూడు మంచాలు, రెండు కుర్చీలు ఉన్నాయి. ఒక కుర్చీకి కాలు లేదు. మర్నాటికి నలభై ఒక్క కుర్చీలు వచ్చాయి. పెళ్లిళ్లలో కలిసిపోకుండా ఎవరి కుర్చీ వీపు మీద వాళ్లు పేరు రాసుకోవడం అక్కడి అలవాటు. కిరాణం దుకాణం ఫ్రిజ్ వచ్చింది. భీమయ్య ఇంటి కూలర్ వచ్చింది. కిటికీలకు పెళ్లి చీరలు పరదాలయ్యాయి. అన్నీ కుదిరాక ఎవరో అన్నారు, రోగిష్టి మనుషులు కనబడితే బాగుండదని.

"సాయన్నా, ఈ పూట జర చెలక కాడ ఉండరాదు? నీ దగ్గు దొరసాని చెవుల పడొద్దు," అన్నాడు భీమయ్య.

"నా దగ్గుకు గూడ ఒక పరదా గట్టుండ్రి," అని తిట్టుకుంటూ పోయాడు సాయన్న.

ఆ పూట రావాల్సిన బీపీ ముసలమ్మలను రేపు రమ్మని పంపింది మాత్రం రెబెకాయే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

దొరసాని వచ్చింది. తిరిగి చూసింది. "రోగులేరి?" అని అడిగింది.

"ఎవరు లేరమ్మా. అందరు మంచిగున్నరు. మీ దయ," అన్నాడు భీమయ్య, చేతులు జోడించి.

బస్సు బీచుపల్లి వంతెన మీదికి వచ్చింది. కింద కృష్ణ నిండుగా పోతున్నది. ఆ నీళ్లు చూడగానే రెబెకాకు ఊరికీ రోడ్డుకూ మధ్య ఉన్న వాగు గుర్తొచ్చింది. సంచిలోంచి ఒక రంగుల కాగితం తీసింది. దొరసాని వస్తున్నదన్న కబురుతో పాటు సంస్థవాళ్లు పంపిన కాగితం. ఆమె ఫొటో, కింద ఆమె చేసిన కొలువులు.

"గా దొరసాని ముందుగాల ఏం కొల్వు జేసింది?" అన్నాడు భీమయ్య.

"పంతొమ్మిదేండ్లకు ఒక టౌన్ల ఇండ్ల ఆఫీసుల గుమాస్తాగ చేరిందంట. ఇల్లు లేనోళ్ల దరఖాస్తులు రాసుకునే కొల్వు."

"మంచిదే గద."

"ఎన్క గదే ఆఫీసుకు పెద్దయింది. గా తర్వాత ఇంకో టౌన్ల లైబ్రరీలన్నీ ఆమె కింద ఉండె. పద్దెనిమిది లైబ్రరీలను పునర్వ్యవస్థీకరించి ఏడు చేసిందని రాసిండ్రు."

"అంటే ఏంది?"

"పదకొండు మూసింది."

భీమయ్య కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"ఎన్క ఒక జిల్లాకు, మన కలెక్టర్ లెక్క. తొమ్మిది ఆఫీసులు నాలుగైనయి. ఎన్క రెండు పెద్ద దవాఖానలను ఒక్కటి చేసింది. ఒకదాంట్ల కాన్పుల వార్డును విలీనం జేసిందంట."

"మూసిందా?"

"మూసింది. గా మరుసటి ఏడాది సర్కారు పతకం ఇచ్చింది. ఎన్క కండ్లు లేనోళ్ల సంస్థకు పోయింది. ఇప్పుడు మన సంస్థ."

 పెబ్బేరు దాటాక భీమయ్య అన్నాడు: "గీ కాగితం మొదలే సదివి ఉంటే కుర్చీలు తెచ్చేటోళ్లం గాదు గదా."

"మొదలే సదివిన పెద్దయ్యా. గంత పెద్ద కొల్వులు జేసినామె, మనూరికి ఏదన్న మంచి జేస్తదనుకున్న."

*

వనపర్తిలో ఆ ఇల్లు ఒక సందు చివర ఉంది. వసారాలో ప్రోగ్రాం ఆఫీసర్ శ్రవణ్ కుమార్ ఎదురొచ్చాడు. హైదరాబాద్ మనిషి, చెడ్డవాడు కాదు, ఉద్యోగం పోతుందని భయపడే రకం.

"ఏంది సిస్టర్, చెప్పకుండ వచ్చేస్తే ఎట్ల? మేడం ఒంటిగంటకు అచ్చంపేట బయల్దేరాలె. పది నిమిషాలు, అంతే. పెద్దాయన ఇక్కడనే కూర్చుంటరు."

"నేను ఒప్పుకునేది ఉంది సారూ," అన్నాడు భీమయ్య.

"సిస్టర్ చెప్తది తాతా. అందరు లోపలికొస్తే ధర్నా లెక్క ఉంటది."

భీమయ్య రెబెకా వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన బల్ల మీద కూర్చుని, కండువా తీసి మోకాళ్ల మీద వేసుకున్నాడు.

లోపల జూడిత్ వెల్‌బ్రూక్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. పొట్టి జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు. చెప్పులు విడిచి, రెండు కాళ్లూ చిన్న పీట మీద పెట్టుకుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. మేజోళ్ల పట్టీ దిగిన చోట చర్మం లోపలికి పోయి ఇంకా పైకి రాలేదు. రెబెకా ముందు చూసింది అదే.

కూర్చోమని చేయి చూపింది జూడిత్. రెబెకా కూర్చోలేదు.

"సార్, మేడంకు జెప్పుండ్రి. ఆ పొద్దు మా దవాఖానల చూసింది ఏదీ మాది గాదు. కుర్చీలు ఊరోళ్లయి. ఫ్రిజ్ దుకాణంది. పరదలు పెండ్లి చీరెలు. రోగులను మేమే దాచిపెట్టినం. అబద్ధమాడినం. తప్పయింది."

శ్రవణ్ కుమార్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాడు. మేడం వచ్చినందుకు సిస్టర్ కృతజ్ఞతలు చెప్తున్నారట, ఏర్పాట్లలో ఊరివాళ్లు ఎంతో సహకరించారట.

రెబెకా ఇంగ్లీషు మిషన్ దవాఖానలో ఒక ముసలి డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నది. మందుల పేర్లు, జబ్బుల పేర్లు, చెయ్యి, చెయ్యొద్దు అనే మాటలు. వాదించడానికి చాలదు. ఇంతకు మాత్రం చాలింది.

"నో మేడం. వి లైడ్," అంది, అబద్ధమాడామని.

 శ్రవణ్ ఫోను తీసి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు.

"ఆమె ఏం చెబితే అదే చెప్పు," అంది జూడిత్ అతనితో, నెమ్మదిగానే. "లేదంటే బయటికి వెళ్లు."

తర్వాత రెబెకా వైపు తిరిగింది. ఆమె మాటలను శ్రవణ్ ఈసారి ఉన్నవి ఉన్నట్టే చెప్పుకుంటూ వచ్చాడు.

"అది నాకు ఆ రోజే తెలుసు. మీ అక్షరాలు నాకు రావు. కానీ ఒక్కో కుర్చీ మీద ఒక్కో పేరు ఉందని తెలియడానికి అక్షరాలు రావాల్సిన పని లేదు. ఫ్రిజ్‌లో టీకా మందుల పక్కన కూల్‌డ్రింక్ మూత ఒకటి పడి ఉంది. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా ఆఫీసుకు మంత్రి వస్తున్నాడంటే ఒక గోడకు నేనే రంగు వేశాను. ఆయన వచ్చి ఆ గోడకే చేయి ఆనించాడు. రంగు అంటుకుంది. ఏమీ అనకుండా రుమాలుతో తుడుచుకున్నాడు. నలభై ఏళ్లుగా నేనూ అట్లాగే తుడుచుకుంటున్నాను."

 రెబెకా దారంతా కూడబలుక్కుని వచ్చింది ఈ ఒప్పుకోలునే. అవతలి మనిషికి అది ముందే తెలుసు.

"తెలిసి గూడ మూస్తున్నరా?"

"తెలిసే." జూడిత్ పక్కనున్న ఫైలులోంచి ఒక ఫొటో తీసి ఇచ్చింది. రేకుల షెడ్డు. తలుపు ఒకవైపు ఒరిగి ఉంది. ముందు ఒక నడివయసు మనిషి ఒక్కతే నిలబడి ఉంది. "అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న మా రెండో కేంద్రం. ఈమె పేరు మణెమ్మ, అక్కడి ఆయా. నేను పోయినప్పుడు ఎదురొచ్చింది ఈమె ఒక్కతే. కూర్చోవడానికి బియ్యం సంచి పరిచింది. అక్కడ అరువు తేవడానికి కూడా ఏమీ లేదు. మీ ఊరు ఒక్క రోజులో నలభై ఇళ్ల నుంచి కుర్చీలు తెచ్చుకోగలిగింది. ఉన్న డబ్బుతో రెండింట్లో ఒకదాన్నే నడపగలిగితే, నువ్వయితే ఏది ఉంచుతావు?"

"కుర్చీ అరువిస్తరు మేడం," అంది రెబెకా. "నర్సును ఎవరు అరువిస్తరు?"

శ్రవణ్ ఆ మాట వెంటనే చెప్పలేదు. ఒకసారి లోపల అనుకుని, తర్వాత చెప్పాడు.

జూడిత్ తల పక్కకు తిప్పింది. రెబెకా ఆగలేదు.

"మా దవాఖాన ఆయా పేరు జమ్ములమ్మ. ఆమె కోడలు యమునకు తొమ్మిదో నెల. లోపల బిడ్డ అడ్డం తిరిగుంది. మీరొచ్చిన పొద్దు ఆ పిల్లను ఇంట్ల బెట్టి తలుపేసినం, కాళ్ల వాపు మీకు కనవడొద్దని. ఇంత వాపు." ఆమె జూడిత్ పాదాల వైపు చూపింది. "గట్లాంటోళ్లు ఏడాదికి ముగ్గురో నలుగురో ఉంటరు. వాన మొదలైతే వారం ముందుగాల్నే నేను ఎంబడి ఉండి గద్వాలకు తోలిస్త. ఎప్పుడు తోలాలె, ఎవరిని తోలాలె, చెప్పెటోళ్లు ఒక్కలన్న ఉండాలె గద ఊర్ల?"

"గద్వాలలో పెద్దాసుపత్రి ఉంది. కారులో యాభై నిమిషాలు పట్టింది నాకు."

"వాగు లేనప్పుడు. వాగొస్తే రెండు దినాలు."

జూడిత్ కళ్లద్దాలు తీసింది. తుడవలేదు. ఒళ్లో పెట్టుకుంది.

"నేను ఇరవై నిమిషాలు అని చెప్పాను," అంది. "అక్కడ, మా దేశంలో, కాన్పుల వార్డు మూసినప్పుడు. మీలాంటి నర్సే ఒకామె లేచి నిలబడి అడిగింది. మంచు పడితే ఎంతసేపు అని. మంచు ఏడాదికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క తీయించి చెప్పాను. జనవరిలో ఒక అమ్మాయికి ఆ దారిలోనే, కారులోనే కాన్పయింది. విచారణ జరిగింది. నా నిర్ణయంలో లోపం లేదని తేల్చారు. నాలుగు నెలలకు పతకం వచ్చింది. పోయి తీసుకున్నాను."

"బిడ్డ?" అంది రెబెకా. నర్సు అడిగే ప్రశ్న అది, కోపంలో ఉన్నా.

"ఆడపిల్ల," అంది జూడిత్. అంతకు మించి చెప్పలేదు. రెబెకా అడగలేదు.

శ్రవణ్ కుమార్ నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు.

"మరి మళ్ల గదే పని ఎందుకు జేస్తున్నరు మేడం? మీకు నిద్ర ఎట్ల వడ్తది?"

శ్రవణ్ రెండో ప్రశ్న వదిలేద్దామని చూశాడు. రెబెకా అతని వైపు చూస్తూనే ఉంది. చెప్పాడు.

"బాగానే పడుతుంది. అదే నాకు నచ్చనిది." జూడిత్ పీట మీది కాలు దించి మళ్లీ పెట్టుకుంది. "మొదటిసారి ఎవరో ఒకరు చేయాలన్నారు. చేశాను. ఏడ్వకుండా, ఎవరినీ తిట్టకుండా చేశానని పేరొచ్చింది. ఇక మూయాల్సింది ఎక్కడున్నా నన్నే పిలిచారు. టౌను, జిల్లా, ఆసుపత్రి, అంధుల సంస్థ, ఇప్పుడు ఇది. మంచి పని చేయాలనే ప్రతి చోటికీ వెళ్లాను. నేను వెళ్లేసరికి అక్కడ మిగిలింది ఈ పనే. ఒక పనిలో పేరు పడితే, రెబెకా, ఆ పని నుంచి మనిషిని ఇక వదలరు."

ఆమె తన పేరు పలకడం రెబెకాకు ఇదే మొదటిసారి వినబడింది. ఎందుకో మంచిగా అనిపించలేదు.

"ఇంకొకటి చెప్పాలి," అంది జూడిత్. "నేను మూద్దామనుకున్నది బండరేవును కాదు."

రెబెకా చేయి కుర్చీ వీపు మీద పడింది.

"అచ్చంపేట అవతలి దాన్ని. అక్కడ మూడేళ్లుగా నర్సు లేదు. ముగ్గురిని వేశాం. ముగ్గురూ నెల తిరక్కుండా వెళ్లిపోయారు. నర్సు లేని షెడ్డుకు తాళం వేయడం తేలిక, ఎవరూ అడగరు. మణెమ్మ కూడా అడగదు. మీ దగ్గర నాటకం ఆడితే ఆడారు, నర్సు మాత్రం నిజం, ఇదే ఉంచుదామనుకున్నాను. కారెక్కేదాకా అదే నా మాట. శ్రవణ్‌ను అడుగు."

శ్రవణ్ కుమార్ అవునన్నట్టు తలూపాడు. నేల వైపు చూస్తున్నాడు.

"మరి ఏమైంది?"

"కారెక్కేటప్పుడు మీ పెద్దాయన నాకొక ఉత్తరం ఇచ్చారు. దారిలో శ్రవణ్ చదివి చెప్పాడు."

ఫైలులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మొదటిది రూళ్ల కాగితం. రాత బడి సారుది, గుండ్రంగా ఉంది. మాటలు మాత్రం భీమయ్యవే. ఆయన చెబుతుంటే సారు ఒక్క అక్షరం దిద్దకుండా రాసినట్టున్నాడు.

"దొరసానమ్మకు బండరేవు ఊరోళ్లందరు దండం బెట్టి రాసుకునేది. మా రెబెకా సిస్టరు వచ్చి పద్నాలుగేండ్లయింది. ఆమె చేతుల ఒక్క తల్లి గూడ పోలేదు. వాన అనదు, వాగు అనదు. మాల మాదిగ అనకుండ, కాపు బోయ అనకుండ అందరిండ్లకు వస్తది. గిసుంటి మనిషి మూడు జిల్లాలల్ల లేదు. యాడికి తోలినా గా ఊరు బాగుపడ్తది. ఏమి లేని కాడ వేసినా ఆమె ఒక్కతె నిలవెడ్తది. గిది నిజమని మా అందరి ఏలిముద్రలు."

కింద నీలం ముద్రలు వరుసలు కట్టి ఉన్నాయి. ఒక్కో ముద్ర పక్కన పేరు. జమ్ములమ్మ ముద్ర జారి పొడుగ్గా సాగింది. సాయన్న ముద్ర ఉంది. యమున సంతకం పెట్టింది, పేరు సగం గీత దాటి పోయింది. రెబెకా ఒక్కొక్కటీ చూస్తూ పోయింది. ఆ వేళ్లలో సగం ఆమె చేతిని బిగించి పట్టుకున్న వేళ్లే. ఈ కాగితం సంగతి ఒక్కరు కూడా ఆమెతో అనలేదు. ఆ రోజు కారు బయల్దేరేటప్పుడు ఆమె వెనక కొళాయి దగ్గర చాయ్ గ్లాసులు కడుగుతున్నది.

"ఉద్యోగుల గురించి నాకు ఇన్నేళ్లలో వేల ఉత్తరాలు వచ్చాయి," అంది జూడిత్. "అన్నీ ఫిర్యాదులే. మెచ్చుకుంటూ ఒక ఊరంతా వేలిముద్ర వేసిన ఉత్తరం ఇదొక్కటే. ఏమీ లేని చోట వేసినా నిలబెడుతుంది అని వాళ్లే రాశారు. ఏమీ లేని చోటు ఒకటి నా దగ్గర ఉంది."

రెండో కాగితం ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తర్వు. అచ్చంపేట అవతలి కేంద్రానికి నర్సు. పేరు ముందే కొట్టి ఉంది: రెబెకా. ఒకటో తేదీ నుంచి. కింద సంతకానికి చోటు.

"నేను రానంటే?" అంది రెబెకా. 

"నర్సు లేకుండా రెండోదాన్ని ఉంచలేను. రెండూ మూతపడతాయి. బండరేవు మాత్రం ఎట్లాగూ ఉండదు. పత్రం వెళ్లిపోయింది, సంస్థ బోర్డు ఒప్పుకుంది." జూడిత్ కళ్లద్దాలు పెట్టుకుంది. మళ్లీ రంగుల కాగితం మీది ఫొటోలోని మనిషిలా అయింది. "ఇది న్యాయం అని నేను చెప్పడం లేదు. ఒంటిగంటకు కారు కదులుతుంది. సంతకం పెడితే నాతో వచ్చి ఈ రోజే చోటు చూసుకో. పెట్టకపోతే మణెమ్మకు తాళం ఇచ్చి వస్తాను."

రెబెకా ఉత్తర్వు చేతిలోకి తీసుకుంది. కలం తీసుకోలేదు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"మేడం, కాళ్లు పీట మీద బెడితె వాపు దిగదు. పండుకొని, గుండె కంటె ఎత్తుల పెట్టాలె. ఉప్పు తగ్గించుండ్రి," అంది.

శ్రవణ్ ఆ మాట చెప్పలేకపోయాడు. రెబెకా తానే తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. అది ఆమెకు బాగా వచ్చిన ఇంగ్లీషే.

*

వసారాలో భీమయ్య లేచి నిలబడ్డాడు. ఎండ బల్ల దాకా వచ్చింది, ఆయన మాత్రం జరగలేదు.

"ఒప్పుకున్నవా బిడ్డా, నా పేరు జెప్పి?"

"ఒప్పుకున్న పెద్దయ్యా."

"తిట్టిందా?"

"లేదు. ఆమెకు ముందుగాల్నే ఎర్కంట."

"ఎర్కనా?" భీమయ్య మొహం ఒకసారి వెలిగి మళ్లీ తగ్గింది. "ఎరికై గూడ మూస్తనంటదా?"

 వాకిట్లో డ్రైవరు దొరసాని పెట్టె డిక్కీలో పెడుతున్నాడు. శ్రవణ్ కుమార్ గడప దగ్గరికి వచ్చి, చేతిలో కలం పట్టుకుని, ఇటు రాకుండా అక్కడే నిలబడ్డాడు.

భీమయ్య దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. ఆ గొంతులో ఊరి పెద్ద లేడు, పండుగ పూట పిల్లలకు దాచిన మిఠాయి సంగతి చెప్పే ముసలాయన ఉన్నాడు.

"ఇను బిడ్డా. నీకు జెప్పలేదు. చెప్తె నువ్వు వద్దంటవని. గా పొద్దు కారెక్కేటప్పుడు ఆమె చేతికి నేనొక కాగితమిచ్చిన. అంత నీ సంగతే. సారుతోని రాపిచ్చిన, ఇల్లిల్లు తిరిగి ఏలిముద్రలు ఏపిచ్చిన. సాయన్నను గూడ చెలక కాడికి పోయి ఏపిచ్చుకొచ్చిన. ఆమె సదివి ఉండది. గంత పెద్దోళ్లు గసుంటియి యాడ సదువుతరు, యాడనో పారేసి ఉంటది. నువ్వు మళ్ల లోపలికి పోయి, గది సదువుమను. ఒక్కసారి సదివితె సాలు, మన దవాఖాన జోలికి రాదు. పో బిడ్డా, కారు పోకముందె."

ఆయన ఆమె భుజం మీద చేయి వేసి తలుపు వైపు మెల్లగా నెట్టాడు. అప్పుడు ఆమె చేతిలోది కనిపించింది.

"గదేంది? గా కాగితం ఎవలిచ్చిండ్రు?"

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెనక నెమ్మదిగా, బరువుగా వస్తున్న అడుగులు వినబడ్డాయి. రెబెకా కాగితాన్ని మడవలేదు, వెనక్కి దాచలేదు. ఇంకో చేత్తో భీమయ్య మోచేయి పట్టుకుంది.

"పెద్దయ్యా," అంది, "మొదలు నువ్వు కూసో."